గాలి ఎవరిది? మీ ఫోన్‌లో కనిపించే వైఫై ఛానెళ్ల వెనక కథ

ఈ ఎపిసోడ్ చూసేముందు, లేదా చదివేముందు, ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా ఉంటే తెరవండి. లేకపోతే ఫర్వాలేదు, నేను చెప్తాను, ఊహించుకోండి. తెర మీద రంగురంగుల కొండలు కనిపిస్తాయి. ఒక్కో కొండ ఒక్కో ఇంటి రౌటర్. మీ ఇల్లు, పక్కింటివాళ్లు, పైఫ్లోర్, ఎదురు హాస్టల్, కింద మొబైల్ షాపు. అడుగున 1 నుంచి 13 దాకా నంబర్లు ఉంటాయి. కొండలు చాలావరకు 1, 6, 11 దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. మధ్యలో 3, 4, 8, 9 ఖాళీగా ఉంటాయి.

ఇప్పుడు చెప్పండి, మీ రౌటర్‌ని ఏ నంబర్‌లో పెడతారు?

2020లో నేను 3లో పెట్టాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. లాక్‌డౌన్‌లో విజయవాడలో మా ఇంటికి వచ్చేసి అక్కడినుంచే పని. పొద్దున పదింటికి టీమ్ కాల్. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే గొంతు తెగిపోయేది. మేనేజర్ "నీ నెట్ సంగతి చూసుకో" అని రెండుసార్లు అన్నాడు. ప్లాన్ పెంచాను, డబ్బులు పోయాయి, ఏమీ మారలేదు. అప్పుడు యాప్ పెట్టి చూస్తే ఈ కొండలు. మధ్యలో 3 దగ్గర ఎవరూ లేరు. "బీటెక్ చదివినందుకు ఇన్నాళ్లకి పనికొచ్చింది" అనుకుని రౌటర్‌ని 3కి మార్చాను. ఆ రాత్రి పన్నెండుకి స్పీడ్ టెస్ట్ చేస్తే అదిరిపోయింది. హాయిగా పడుకున్నాను.

రెండు రోజుల తర్వాత కింద ఫ్లాట్ ఆంటీ వచ్చారు. "బాబూ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, మా వైఫై ఒకసారి చూసిపెడతావా? మా వాడి ఇంటర్ క్లాసులు రెండు రోజుల నుంచి ఆగిపోతున్నాయి, పాపం ఏడుస్తున్నాడు" అన్నారు. వెళ్లాను. టీ ఇచ్చారు, తాగాను. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. "ఇప్పుడు చూడండి ఆంటీ" అని చెప్పి వచ్చేశాను.

ఆ రెండు రోజుల లెక్క అప్పుడు నా బుర్రకి తట్టలేదు. తట్టడానికి చాలా నెలలు పట్టింది. అది ఎలా తట్టిందో చెప్పాలంటే, ఆ 1, 6, 11 ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. ఈ రోజు కథ అదే.

ముందు, గాలి సర్కారుది

మన దేశంలో 1885 టెలిగ్రాఫ్ చట్టం, దాని తర్వాత 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చాయి. రెండో చట్టం చాలా సూటిగా చెప్పింది: లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. వాడటం కాదు, దగ్గర ఉంచుకోవడం! మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. ఒకప్పుడు ఇంట్లో రేడియో వినాలంటే పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్స్ ఫీజు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించుకుని రావాలి. పాటలు వినడానికే అంత తతంగం. ఇక మన ఇంట్లో మనమే ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని గాల్లోకి సిగ్నల్ వదలడం అనే మాటే లేదు.

ఇది మన దేశపు పిచ్చి మాత్రమే కాదు. ప్రపంచమంతా అంతే. కారణం కూడా ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. ఓడలకి, విమానాలకి, పోలీసులకి, రేడియో స్టేషన్లకి తలా ఒక ముక్క పంచి, "నీ ముక్కలో నువ్వే, పక్కవాడి ముక్కలోకి రాకు" అన్నారు. పొలం గట్లు వేసినట్టు అన్నమాట.

మరి వైఫైకి ఏ పొలం వచ్చింది? ఎవరికీ వద్దన్న చవిటి నేల.

వంటింట్లో పుట్టిన బ్యాండ్

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలో రేథియాన్ అనే కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీర్ ఉండేవాడు. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, సొంతంగా చదువుకుని పైకొచ్చాడు. రాడార్లలో వాడే మాగ్నెట్రాన్ గొట్టాలు ఆయన పని. ఒకసారి నడుస్తున్న మాగ్నెట్రాన్ పక్కన నిలబడితే జేబులో ఉన్న చాక్లెట్ బార్ కరిగిపోయిందని చెప్తారు. ఆయన దాన్ని తుడుచుకుని ఊరుకోలేదు. మొక్కజొన్న గింజలు తెప్పించి పెట్టాడు, అవి పేలాలయ్యాయి. 1945 అక్టోబర్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. 1947లో మొదటి మైక్రోవేవ్ ఓవెన్ అమ్మకానికి వచ్చింది. దాదాపు ఆరడుగుల ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. మన ఫ్రిజ్ దాని ముందు బొమ్మలాంటిది.

అదే 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో అంతర్జాతీయ రేడియో సమావేశం జరిగింది. ఓవెన్లు, ఫ్యాక్టరీల్లో వేడిచేసే యంత్రాలు, ఆస్పత్రి పరికరాలు... ఇవి ఎవరితోనూ మాట్లాడవు కానీ రేడియో తరంగాలు మాత్రం లీక్ చేస్తాయి. వీటన్నిటికీ కలిపి కొన్ని ముక్కలు విడిగా పడేశారు. పరిశ్రమలు, సైన్సు, వైద్యం కోసం అని పేరు. అందులో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం. అక్కడ రూల్ ఏంటంటే: మాటల కోసం ఈ బ్యాండ్‌లోకి ఎవరైనా వస్తే, ఓవెన్ల రొద భరించాల్సిందే. కంప్లైంట్ చేయడానికి లేదు.

ఇక్కడ ఒక చిన్న అపోహ తీసేద్దాం. "నీటి అణువులు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే ఊగుతాయి, అందుకే ఆ నంబర్" అని చాలా వీడియోల్లో చెప్తారు. తప్పు. నీళ్లు చాలా విశాలమైన ఫ్రీక్వెన్సీల్లో వేడెక్కుతాయి. 915 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఫ్యాక్టరీ ఓవెన్లు ఇప్పటికీ ఉన్నాయి. 2.45 అనేది మనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందం, అంతే.

హవాయిలో మొదలైన గొడవ

ఇప్పుడు సీన్ హవాయి. నార్మన్ అబ్రామ్‌సన్ అనే ప్రొఫెసర్. సముద్రంలో సర్ఫింగ్ అంటే ప్రాణం, అందుకే హవాయి యూనివర్సిటీలో చేరాడని చెప్పుకుంటారు. అక్కడ సమస్య ఏంటంటే, యూనివర్సిటీ క్యాంపస్‌లు వేరువేరు దీవుల్లో ఉన్నాయి, పెద్ద కంప్యూటర్ హొనొలులులో ఉంది. టెలిఫోన్ లైన్లు ఖరీదు, పైగా నమ్మకం లేదు. సరే, రేడియో వాడదాం అన్నాడు. 1971లో అలోహానెట్ మొదలైంది.

అప్పటిదాకా రేడియోలో అందరూ వంతులు పంచుకునేవాళ్లు. అబ్రామ్‌సన్ టీమ్ ఏం చేసిందంటే, వంతుల్లేవు. నీ దగ్గర పంపేది ఉందా, పంపెయ్. అటునుంచి "అందింది" అని జవాబు వచ్చిందా, సరే. రాలేదా, ఇంకెవరిదో నీదీ గుద్దుకుందన్నమాట. కాసేపు ఆగి మళ్లీ పంపు. ఎంతసేపు ఆగాలి? ఎవరికి వాళ్లు తోచినంత. ఇద్దరూ ఒకే టైమ్ ఆగితే మళ్లీ గుద్దుకుంటారు కదా, అందుకని.

ఎంత అందమైన ఆలోచనో అంత ఖరీదు. లెక్క వేస్తే, ఈ పద్ధతిలో ఛానెల్‌ని ఎంత బాగా వాడినా సుమారు 18 శాతమే పనికొస్తుంది. మిగిలింది గుద్దుకోవడాలకీ, ఖాళీలకీ పోతుంది. అంతకంటే ఎక్కువమంది వస్తే ఇంకా పడిపోతుంది. ఈ పేపర్ చదివిన బాబ్ మెట్‌కాఫ్ 1973లో జెరాక్స్ పరిశోధనశాలలో ఈథర్‌నెట్ తయారుచేశాడు. అక్కడ "మాట్లాడేముందు విను" అనే నియమం గట్టిగా పట్టుకున్నారు. మన రౌటర్ ఈ రోజుకీ చేసేది అదే: ముందు వింటుంది, నిశ్శబ్దంగా ఉంటే మాట్లాడుతుంది, లేకపోతే ఆగుతుంది.

చవిటి నేల పంపకం

1985 మే 9. అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్‌లో మైకేల్ మార్కస్ అనే ఇంజనీర్ నాలుగైదేళ్లుగా ఒకే మాట చెప్తున్నాడు. ఓవెన్ల కోసం వదిలేసిన బ్యాండ్లలో మామూలు మనుషులు లైసెన్స్ లేకుండా కమ్యూనికేషన్ పరికరాలు వాడుకోనివ్వండి అని. రెండు షరతులు. పవర్ 1 వాట్ దాటకూడదు. సిగ్నల్‌ని ఒకేచోట గురిపెట్టకుండా విశాలంగా పరచాలి. అలా పరిస్తే పక్కవాడికి అది పెద్ద అరుపులా కాకుండా సన్నని గుసగుసలా ఉంటుంది. దీన్నే స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అంటారు. యుద్ధాల్లో సైన్యం వాడిన టెక్నిక్. ఆ రోజు కమిషన్ ఒప్పుకుంది. 900 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర మూడు ముక్కలు తెరిచింది.

కామెంట్లలో ఎవరో తప్పకుండా అంటారు: "బ్రో, వైఫై కనిపెట్టింది హాలీవుడ్ హీరోయిన్ హెడీ లామార్ కదా?" ఆవిడ గొప్పతనం నిజం. జార్జ్ యాంథైల్ అనే సంగీతకారుడితో కలిసి 1942లో పేటెంట్ తీసుకున్నారు. శత్రువు అడ్డుకోకుండా టార్పెడోకి వెళ్లే సిగ్నల్ 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతూ ఉండాలని ఆలోచన. పియానోకి 88 మెట్లుంటాయి కదా, అలా. 1997 వైఫై ప్రమాణంలో గెంతే పద్ధతి కూడా ఒకటిగా ఉంది. కానీ ఇవాళ మీ రౌటర్ వాడేది అది కాదు. కాబట్టి ఆవిడని గౌరవిద్దాం, కథని మాత్రం సాగదీయొద్దు.

నంబర్లు ఎలా వచ్చాయి

నేల దొరికింది. ముందుగా వచ్చింది ఎవరో తెలుసా? దుకాణాల్లో బిల్లు కొట్టే మెషీన్లు అమ్మే ఎన్‌సీఆర్ కంపెనీ. షాపులో కౌంటర్లు మార్చినప్పుడల్లా వైర్లు పీకి మళ్లీ లాగాలి. వైర్ లేకుండా చేస్తే ఆ బాధ ఉండదు. కానీ ఒక్కో కంపెనీ ఒక్కో భాష మాట్లాడితే లాభం లేదు. అందుకే 1990లో 802.11 అనే కమిటీ మొదలైంది. నెదర్లాండ్స్‌లో పనిచేసే ఎన్‌సీఆర్ ఇంజనీర్ విక్ హేస్ దానికి పదేళ్లు ఛైర్మన్. అందరినీ ఒప్పించి మొదటి ప్రమాణం తేవడానికి 1997 వచ్చింది. స్పీడ్ ఎంతో తెలుసా? 1 లేదా 2 మెగాబిట్లు. ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆ ప్రమాణంలో ఛానెళ్లకి నంబర్లు ఇచ్చారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, కథ మొత్తానికి కీలకం ఇదే. ఛానెల్ 1 మధ్య బిందువు 2412 మెగాహెర్ట్జ్. 2 అంటే 2417. 3 అంటే 2422. అలా అయిదేసి మెగాహెర్ట్జ్ మెట్లు. కానీ ఒక్క సిగ్నల్ వెడల్పు ఎంత? సుమారు 22 మెగాహెర్ట్జ్!

అంటే మెట్టు వెడల్పు అయిదడుగులు, కూర్చునే మనిషి వెడల్పు ఇరవై రెండడుగులు. 3 మీద కూర్చున్నవాడి ఒళ్లు 1 మీదకీ, 6 మీదకీ పడుతుంది. ఒకరినొకరు తగలకుండా కూర్చోవాలంటే కనీసం అయిదు మెట్లు వదలాలి. 1, తర్వాత 6, తర్వాత 11. అంతే, మూడే సీట్లు. 13 నంబర్లు కనిపిస్తున్నా నిజంగా ఉన్నవి మూడు.

మరి ఇంత దగ్గర దగ్గరగా మెట్లెందుకు పెట్టారు? అప్పట్లో ఒక్కో దేశంలో ఖాళీ ఒక్కోలా ఉండేది. అమెరికాలో 11 దాకా, యూరప్‌లో ఎక్కువచోట్ల 13 దాకా. ఫ్రాన్స్‌లో 10 నుంచి 13 మాత్రమే, స్పెయిన్‌లో 10, 11 మాత్రమే, జపాన్‌లో మొదట్లో ఒక్క 14. మెట్లు చిన్నగా ఉంటే ఎవరి ఖాళీలో వాళ్లు సర్దుకోవచ్చు. అప్పుడు ఆఫీసుకి ఒకటో రెండో రౌటర్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో నలభై రౌటర్లు ఉంటాయని ఎవరు అనుకుంటారు?

ఇల్లిల్లూ వైఫై

1999లో మూడు పనులు జరిగాయి. 11 మెగాబిట్ల 802.11బీ వచ్చింది. జులైలో ఆపిల్ వాళ్లు ఐబుక్ ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ పెట్టారు. స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద ల్యాప్‌టాప్ చుట్టూ రింగు తిప్పి, చూడండి వైర్ లేదు అని చూపించాడు. మూడోది పేరు. "802.11బీ డైరెక్ట్ సీక్వెన్స్" అంటే ఎవరు కొంటారు? బ్రాండ్ పేర్లు పెట్టే ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థని అడిగి "వైఫై" అనే మాట పెట్టించుకున్నారు. దానికి పూర్తి పేరంటూ ఏమీ లేదు. "వైర్‌లెస్ ఫిడెలిటీ" అన్నది తర్వాత అతికించిన నినాదం.

మన దగ్గర? 2005 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా తక్కువ పవర్ పరికరాలకి లైసెన్స్ అక్కర్లేదు. అందులో ఒక షరతు ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఈ బ్యాండ్ ఎవరి సొంతమూ కాదు, అందరూ పంచుకోవాలి. నువ్వు ఇంకొకరికి ఇబ్బంది పెట్టకూడదు. నీకు ఇబ్బంది వస్తే రక్షణ అడగకూడదు. 1933లో పరికరం దగ్గరుంటేనే నేరం అన్న దేశంలో, 72 ఏళ్ల తర్వాత గాల్లో ఒక ముక్కని ఊరుమ్మడి చేశారు. ఊరి చెరువు లాంటిది. ఎవరైనా నీళ్లు తోడుకోవచ్చు, కానీ ఎవరూ పాడుచేయకూడదు.

గాలిని చూడటం నేర్చుకున్నాం

ఊరుమ్మడి చెరువులో నీళ్లెన్నున్నాయో కంటికి కనిపిస్తుంది. గాల్లో కనిపించదు. 2001 ప్రాంతంలో మేరియస్ మిల్నర్ అనే ఇంజనీర్ నెట్‌స్టంబ్లర్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వదిలాడు. చుట్టూ ఏ వైఫైలు ఉన్నాయి, ఏ ఛానెల్, సిగ్నల్ ఎంత, తాళం ఉందా లేదా అన్నీ చూపించేది. కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌ని కారులో పెట్టుకుని ఊరంతా తిరిగేవాళ్లు. దానికి వార్‌డ్రైవింగ్ అని పేరు. 2002లో లండన్‌లో మ్యాట్ జోన్స్ అనే డిజైనర్ ఇంకో అడుగు వేశాడు. ఎక్కడ ఓపెన్ వైఫై ఉంటే అక్కడ గోడ మీద సుద్దముక్కతో గుర్తు గీయండి అన్నాడు.

తర్వాత అదే పని వ్యాపారమైంది. ఏ వీధిలో ఏ రౌటర్ ఉందో జాబితా చేస్తే, జీపీఎస్ లేకుండానే ఫోన్ ఎక్కడుందో చెప్పొచ్చు. స్కైహుక్ అనే కంపెనీ ఆ జాబితా తయారుచేసింది. మొదటి ఐఫోన్‌లో జీపీఎస్ లేదు, 2008 జనవరి అప్‌డేట్‌తో మ్యాప్‌లో మీరున్న చోటు చూపించింది ఇలాగే.

ఇప్పుడు అర్థమైందా, వైఫై ఎనలైజర్ యాప్ లొకేషన్ పర్మిషన్ ఎందుకు అడుగుతుందో? చాలామంది "వైఫై చూడటానికి లొకేషన్ ఎందుకురా, మోసం" అని అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. నిజానికి చుట్టూ ఉన్న రౌటర్ల జాబితా అంటేనే మీ అడ్రస్. అందుకే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, జాబితా కావాలంటే లొకేషన్ పర్మిషన్ తప్పనిసరి చేశారు. 2018లో ఆండ్రాయిడ్ 9 ఇంకా బిగించింది: ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లే స్కాన్ చేయగలదు. కొండలు కదలకుండా నిలబడిపోతే యాప్ పాడైందని కాదు, ఇదీ కారణం. ఆండ్రాయిడ్ 10 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో ఆ పరిమితి ఆపే స్విచ్ ఉంది. చూసే పని అయిపోయాక మళ్లీ ఆన్ చేసేయండి.

ఐఫోన్ వాళ్లకి? 2010 మార్చిలో ఆపిల్ ఇలాంటి స్కానర్ యాప్‌లన్నీ స్టోర్ నుంచి తీసేసింది. కానీ ఆపిల్ సొంత యాప్ ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ ఉంది. అది పెట్టుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కిందకి వెళ్లి వైఫై స్కానర్ ఆన్ చేస్తే ఛానెల్ నంబర్లు కనిపిస్తాయి. కొండలు ఉండవు, జాబితా ఉంటుంది. చాలు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు మళ్లీ విజయవాడ. నాది 3. ఆంటీవాళ్లది 1. ఒకే ఛానెల్‌లో ఉంటే ఏమయ్యేది? రెండు రౌటర్లూ ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుంటాయి. అవతలివాడు మాట్లాడుతుంటే ఆగుతాయి. ఎంత సన్నగా వినపడినా సరే ఆగుతాయి: మైనస్ 82 డీబీఎం దగ్గర కూడా అది వైఫై మాటే అని గుర్తుపట్టగలవు. స్పీడ్ పంచుకోవాల్సి వస్తుంది, కానీ మాట చెడదు.

ఛానెల్ సగం సగం కలిస్తే? అవతలి మాట అర్థం కాదు, రొదలా ఉంటుంది. ఉత్త రొద కోసం ఆగాలంటే అది మైనస్ 62 డీబీఎం దాటాలి. ఈ 20 డీబీ తేడా అంటే వంద రెట్లు. ఇద్దరి మధ్య ఒక స్లాబు, ఒక గోడ ఉంటే సిగ్నల్ మైనస్ 70 దగ్గర ఉంటుంది అనుకోండి. ఒకే ఛానెల్ అయితే ఆగేవాళ్లం. 1, 3 కాబట్టి ఆగలేదు. నా రౌటర్ అబ్బాయి క్లాసు మధ్యలో మాట్లాడింది, వాళ్ల రౌటర్ నా కాల్ మధ్యలో మాట్లాడింది. ఇద్దరి ప్యాకెట్లూ చెడిపోయాయి. మళ్లీ పంపాలి. ప్రతిసారీ తప్పిపోతే ఆగే టైమ్ రెట్టింపవుతూ పోతుంది: 31, 63, 127, అలా 1023 దాకా. అందుకే కాల్ మెల్లగా అవ్వదు, తెగిపోతుంది. పైగా 6లో ఉన్నవాళ్లకి కూడా నా పోటు తగిలింది. రాత్రి పన్నెండుకి స్పీడ్ అదిరిందంటే కారణం నా తెలివి కాదు, అందరూ పడుకున్నారు.

యాప్‌లో కొండ శిఖరం ఒక్కటే చూశాను. అడుగు ఎంత వెడల్పుందో చూడలేదు.

యాప్ ఏం చెప్పదు

యాప్ కొండల్ని చూపిస్తుంది, ట్రాఫిక్‌ని కాదు. పెద్ద కొండ ఉన్న ఇంట్లో ఎవరూ లేకపోవచ్చు. చిన్న కొండ వెనక నలుగురు సినిమాలు చూస్తుండవచ్చు. కొన్ని రౌటర్లు "నా ఛానెల్ ఇంత శాతం బిజీ" అని కూడా చెప్తాయి, కొన్ని యాప్‌లు దాన్ని చూపిస్తాయి. ఉంటే అదే నమ్మండి. ఇక ఓవెన్, బ్లూటూత్ లాంటివి ఫోన్‌కి అసలు కనిపించవు. వైఫై భాష మాట్లాడితేనే ఫోన్ గుర్తుపడుతుంది. వంట టైమ్‌లోనే నెట్ పోతుంటే అనుమానం ఓవెన్ మీద పెట్టండి.

ఎవరూ వాడకపోయినా రౌటర్ ఊరుకోదు. "నేనున్నాను" అని సెకనుకి దాదాపు పదిసార్లు అరుస్తుంది. పాత సెట్టింగ్‌లో ఉన్న రౌటర్ ఆ అరుపుని 1997 నాటి 1 మెగాబిట్ స్పీడ్‌లోనే అరుస్తుంది, పాత పరికరాలకి కూడా అర్థం కావాలని. ఒక్కో అరుపు 300 బైట్లు అనుకుంటే 2.4 మిల్లీసెకన్లు. ఒకే ఛానెల్‌లో అలాంటివి 20 ఉంటే? సెకనుకి 200 అరుపులు, 480 మిల్లీసెకన్లు. ఎవరూ ఒక్క వీడియో కూడా చూడకుండానే సగం గాలి అయిపోయింది!

మరి ఏం చేయాలి

మీరు ఫోన్ వాడే చోటే నిలబడి స్కాన్ చేయండి, రౌటర్ పక్కన కాదు. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య చూడండి, రద్దీ అప్పుడే ఉంటుంది. 1, 6, 11లో దేని మీద గట్టి కొండలు తక్కువున్నాయో చూసి అది పెట్టండి. మూడూ నిండిపోయి ఉన్నా సరే, మధ్యకి వెళ్లొద్దు. రౌటర్ పేజీలో 2.4 కింద వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 పెడితే మూడు సీట్లలో రెండింటి మీద మీరే కాళ్లు చాపినట్టు. ఇక వీడియో కాల్స్, టీవీ లాంటివి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి. 2018 అక్టోబర్‌లో మన దేశంలో అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా తెరిచారు. 2.4 దగ్గర ఉన్నది 83.5 మాత్రమే. గోడలు దాటడం తక్కువ అంటారు, నిజమే. అందుకే పక్కింటివాళ్లది మీ ఇంటికి తక్కువగా వస్తుంది. అది లోపం కాదు, వరం.

కింద ఫ్లాట్ అబ్బాయి ఆ ఏడాది ఇంటర్ పాసయ్యాడు, ఇంజనీరింగ్‌లో చేరాడు. నాకు విషయం అర్థమయ్యాక రౌటర్‌ని మెల్లగా 11కి మార్చేశాను. ఆంటీతో మాత్రం చెప్పలేదు. "నువ్వు వచ్చి చూశాక బాగైంది బాబూ" అని ఆవిడ మా అమ్మతో చెప్పారట. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు వెళ్లి చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, "అంటే మా వాడి క్లాసులు చెడగొట్టింది నువ్వేనా?" అన్నారు. అవును ఆంటీ అన్నాను. నవ్వారు. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఫోన్ తీసి, "అన్నా, ఇప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారో చూద్దాం" అన్నాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని మా అపార్ట్‌మెంట్ మొత్తం కాగితం మీద రాశాం. ముగ్గురు 4లో, ఇద్దరు 8లో, ఒకరు 9లో. ఒక్కో తలుపూ తట్టి మార్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇద్దరు ఒప్పుకోలేదు, ఫర్వాలేదు.

గాలి ఎవరిది అంటే, 1933లో సర్కారుది. 2005 నుంచి ఆ చిన్న ముక్క మనది. మనది అంటే నాది అని కాదు, ఆ తేడా నాకు తెలియడానికి ఒక కుర్రాడి క్లాసులు పోయాయి.

మీ బిల్డింగ్‌లో స్కాన్ చేసి 1, 6, 11 కాకుండా ఎన్ని రౌటర్లు ఉన్నాయో కామెంట్‌లో నంబర్ ఒక్కటే రాయండి. స్క్రీన్‌షాట్ పెట్టొద్దు, అది మీ అడ్రస్ అని ఇందాకే చెప్పాను కదా. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.